పేరులో అక్షరం, ఐసియులో నాలుగు రోజులు

మా గుండెకు బైపాస్ జరిగి మూడు నెలలైనది. ఛాతీ ఎముక అతుక్కొన్నది, సిర తీసిన కాలి వాపు కూడా తగ్గింది. కోపం మాత్రం తగ్గలేదు. అది దేనిమీదో పాఠకులకు చెప్పవలసి ఉన్నది.

ఆనాడు ఫజర్ నమాజుకు వుజూ చేస్తుండగా ఛాతీలో బరువు, ఒళ్లంతా చెమట. గ్యాసు అనుకొని సోడా తాగి గంటసేపు వృథా చేశాము. మధుమేహం ఉన్నవారికి గుండెపోటు ఒక్కోసారి పెద్ద నొప్పి లేకుండానే వస్తుందని తరువాత డాక్టరు చెప్పారు. ఆ గంట మా తప్పే. కర్నూలులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో యాంజియోగ్రామ్ తీసి, మూడు రక్తనాళాలు మూసుకొన్నాయనీ ఆపరేషన్ తప్పదనీ తేల్చారు.

ఉద్యోగుల ఆరోగ్య పథకం కార్డు మాకున్నది. పింఛను నుండి నెలనెలా అందుకు సొమ్ము కోసుకొంటూనే ఉన్నారు. అయినా కౌంటరులోని ఉద్యోగి కార్డునూ ఆధారునూ పక్కపక్కన పెట్టి, ‘‘ఇవి ఇద్దరి పేర్లు’’ అన్నాడు. ఒకదానిలో షేక్ అని పూర్తిగా ఉన్నది, రెండవదానిలో ఎస్.కె. అని పొడి అక్షరాలు. ఒకచోట ఖాదర్, మరొకచోట కాదర్. తండ్రి పేరు ఒక్కటే, పుట్టిన తేదీ ఒక్కటే, ఫోటోలోని ముఖమూ ఒక్కటే. కాదంటే రెండు లక్షలు కట్టమన్నారు. మా అబ్బాయి తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగి ‘ఇద్దరూ ఒక్కరే’ అన్న పత్రం తెచ్చేసరికి, రెండో శనివారం, ఆదివారం కలిసి నాలుగు రోజులు గడిచాయి. అన్నాళ్లూ మానిటరు వంక చూస్తూ పడుకొన్నాము.

మరొక సంగతి దాచరాదు. ముప్పై రెండేళ్లు మేము రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేశాము. అటువంటి పత్రాలు ఎన్నో మా చేతితో రాశాము. రేషను కార్డుల జాబితాలూ రాశాము. ఒకే స్త్రీ పేరు చివర ఒక జాబితాలో బీ, ఒకదానిలో బీబీ, ఇంకొకదానిలో బేగం. చెవికి తోచినట్లు మేము తెలుగులో రాస్తే, చేతికి వచ్చినట్లు ఆపరేటరు ఇంగ్లీషులో కొట్టాడు. తప్పు రాసింది కార్యాలయం, దోషిగా నిలబడింది పేరు గలవాడు.

‘‘అచ్చుతప్పులు అందరి పేర్లలోనూ ఉంటాయి, ఇది మైనారిటీ సమస్య ఎలా అవుతుంది?’’ అని మా పాత సహోద్యోగి ఒకరు వాదించారు. ఇంటిపేరు, పేరు అని రెండు గడులున్న దరఖాస్తులో షేక్‌ను ఎక్కడ రాయాలో ఆయన చెప్పగలరా? సయ్యద్‌ను, పఠాన్‌ను ఎక్కడ? అసలు ఇంటిపేరు వేరే ఉన్నవారి సంగతేమిటి? ఒక గుమాస్తా ఒక గడిలో, మరొకరు మరొక గడిలో రాశారు. నమూనా తయారుచేసినవారికి మన పేర్లు గుర్తుకు రాలేదు. అందుకే ఇది మన సమస్య.

1992లో పశ్చిమ బెంగాల్‌లో హకీం షేక్ అనే వ్యవసాయ కూలీ రైలు నుండి పడి తలకు తీవ్రంగా దెబ్బ తగిలించుకొన్నాడు. ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తరువాత ఒకటి పడక లేదనీ సౌకర్యం లేదనీ తిప్పి పంపాయి. 1996లో సుప్రీంకోర్టు ఆయనకు 25 వేల రూపాయల పరిహారం ఇప్పిస్తూ, ప్రభుత్వ ఆసుపత్రి సకాలంలో చికిత్స అందించకపోవడం 21వ అధికరణలోని జీవించే హక్కుకు భంగమని తీర్పు చెప్పింది. మా విషయంలో పడక ఉన్నది, సర్జనూ ఉన్నాడు. ఆపింది ఒక అక్షరం. ఆసుపత్రి ప్రైవేటుదే కావచ్చు, పథకం ప్రభుత్వానిది కాదా?

వేలిముద్ర, పుట్టిన తేదీ సరిపోయినప్పుడు పేరులోని అక్షర భేదం చూపి చికిత్స ఆపరాదని ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. పత్రాలు తరువాత తెప్పించుకోవచ్చు.

మసీదు కమిటీల పెద్దలతోనూ ఒక మాట. జల్సాలకు షామియానాలు వేయిస్తున్నారు, సంతోషం. ఒక్క జుమా తరువాత అదే షామియానా కింద రెండు బల్లలు వేయించి, ప్రతి కుటుంబం కార్డులూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆధారులో పేరును జీవితకాలంలో రెండుసార్లు మాత్రమే మార్చుకొనే వీలున్నది కనుక తొందరపడి మార్పించవద్దు. పదో తరగతి సర్టిఫికెటు వంటి, మార్చడం కష్టమైన పత్రం ఏదో ముందు చూసుకొని, మిగిలినవి దానికి సరిపెట్టండి.

మా మొహల్లా మసీదులో వచ్చే జుమా నాడే ఈ పని మొదలుపెడుతున్నాము. రాయడానికి మేమే కూర్చుంటాము.