పండుగనాటి మిగులన్నము

సంక్రాంతి ముగిసినది. ముంగిట గొబ్బెమ్మలు పిడకలైనవి. అల్లుండ్లును ఆడపడుచులును తమ యూళ్లకు తరలిరి. అరిసెల డబ్బాలు మాత్రము అటకపై నింకను సగము నిండియున్నవి. ఇట్టి సమయమున పండుగ భోజనమును గూర్చి వ్రాయుట ఆలస్యమని మా చదువరులకు తోచవచ్చును. కాని మేము వ్రాయదలచినది భోజనమును గూర్చి గాదు; అందరును భుజించి లేచిన పిదప గంగాళములో మిగిలిన దానిని గూర్చి. పెండ్లిండ్ల కాలమును, ఉగాదియు ముందున్నవి గనుక ఈ మాట ఇప్పుడు చెప్పుటయే యుక్తమని తలంచితిమి.

కనుమనాడు కాకియైనను కదలదని మన సామెత. వచ్చిన చుట్టము ఆ దినమున కదలడు. క్రొత్తగా నెందరు వత్తురో ఇల్లాలికి ముందుగా దెలియదు. అన్నము చాలకుండుట ఇంటికి తలవంపు. మిగులుట తలవంపు గాదు. కావున కొలిచిన బియ్యముపై మరి రెండు సోలలు పడుచునే యుండును. ఇందులకు ఇల్లాండ్రను తప్పుబట్టుట మాకు సమ్మతము గాదు. మర్యాద కోరువారము మనమే గదా. మిగిలిన యన్నమును చేతులార పారవేయుటకు మన రైతుకు మనసొప్పదు. తానే దుక్కి దున్ని, నాటి, కోసి, నూర్చి యింటికి దెచ్చిన గింజ యది. అందుచే దానిని బుట్టకెత్తి గేదె ముందర పోయును. పారవేయలేదన్న తృప్తియు, మూగజీవమునకు పెట్టితిమన్న పుణ్యమును ఒక్కసారే లభించినట్లు తలంచును. మా వివాదము సరిగా ఇచ్చటనే.

కొన్ని యేండ్ల క్రిందట మా యెరుకలో నొక సభ్యుడు అప్పుచేసి పాడిగేదెను గొనెను. కనుమ మరునాడు అన్నదమ్ముల మూడిండ్ల మిగులన్నము నొక్కటిగా జేర్చి దాని ముందర నుంచిరి. గేదె ఆబగా దినెను. ఇంటివారు సంతసించిరి. ఆ రాత్రియే నెమరు మానినది. తెల్లవారునప్పటికి ఎడమ డొక్క ఉబ్బి, పండ్లు కొరుకుచు, పుల్లని వాసనగల పలుచని పేడ వేయుచు, కాళ్లు తడబడ నిలిచియుండెను. దిష్టి యని యొకరు, పురుగు ముట్టినదని యొకరు అనిరి. ఈ తర్కములో ప్రొద్దెక్కినది. పశువైద్యుడు వచ్చినను ఆలస్యమైపోయినది. సాయంకాలమునకు గేదె చచ్చెను. దానికి బీమా లేదు. అప్పు వాయిదాలు మాత్రము నిలిచినవి.

పశువు మొదటి పొట్ట గడ్డిని పులియబెట్టుటకు ఏర్పడిన పెద్ద బాన వంటిది. అందు కోట్లాది సూక్ష్మజీవులు నివసించి, ఎండుగడ్డిని, పచ్చిమేతను మెల్లమెల్లగా విరిచి పశువునకు ఆహారముగా మార్చును. ఉడికిన యన్నము అట్లు మెల్లగా విరుగునది కాదు. అందలి పిండిపదార్థము నోట బడినంతనే పులియుటకు సిద్ధముగా నుండును. అది ఒక్కమారుగా నెక్కువ జేరినచో, గడ్డి నరిగించు సూక్ష్మజీవులు నశించి, పులుపును బుట్టించునవి విపరీతముగా వృద్ధిబొందును. పెరుగును తోడుకొనజేయు ఆమ్లమే పొట్టనిండ నూరును. ఆ పులుపు శరీరములోని నీటిని పొట్టలోనికి లాగుకొనును. కన్నులు గుంటలు పడును. పిదప రక్తము సైతము ఆమ్లమగును. ఒకటి రెండు దినములలో ప్రాణము పోవుట దీనివలననే. వరియన్నమునకే గాదు, జొన్న, మొక్కజొన్న, గోధుమపిండి, పరమాన్నము, బూరెలు, అరటిపండ్ల గెలలు అన్నింటికిని ఇదే గతి.

మా తాతలు కుడితి పోయలేదా యని కొందరు ప్రశ్నింతురు. పోసిరి. కాని కుడితి యనగా బియ్యము కడిగిన నీళ్లు, గంజి, ఇంత తవుడు. అది పలుచనిది, ప్రతిదినమును అలవాటైనది. అలవాటైన మేతకు పొట్టలోని సూక్ష్మజీవులును అలవాటుపడి యుండును. ఎద్దులకు ఉలవలు ఉడికించి పెట్టినప్పుడును వారు కొలిచియే పెట్టిరి. ఏడాదికొకమారు బుట్టెడన్నము పోయుట వారి యాచారము గాదు. వారికి బుట్టెడన్నము మిగులుటయే అరుదు. కనుమనాడు పశువును గడిగి, కొమ్ములకు రంగు పూసి, పొంగలి ముద్ద నోటికందించుటను మేము మానుమనుట లేదు. ముద్ద ముద్దగానే యుండవలయును.

ఒకవేళ పశువు అన్నముపై బడి తినినచో, లక్షణములు కనబడువరకు వేచియుండరాదు. మిగిలిన యన్నమును దూరముగా దీసి, ఎండుగడ్డి ముందరవేసి, వెంటనే పశువైద్యునకు కబురంపవలయును. సంచార పశువైద్య వాహనము కొరకు 1962 సంఖ్యకు ఫోను చేయవచ్చును. ఎంత తినినది, ఎప్పుడు తినినది, చూడిదా వట్టిదా యను సంగతులు దాచక చెప్పవలయును. సిగ్గుపడి దాచుటచే చికిత్స ఆలస్యమైన సందర్భములు లేకపోలేదు. వంటసోడా నీటిలో గలిపి పట్టించుట ఈ వ్యాధికి మంచి మందే గాని, పశువు బరువును బట్టి ఎంత పట్టవలయునో వైద్యుడు చెప్పవలయును. తల పైకెత్తి గొట్టముతో తొందరగా పోసిన మందు ఊపిరితిత్తులలోనికి బోయి మరియొక యాపద దెచ్చును.

అయిన మిగిలిన యన్నమును ఏమి చేయవలయును? మొదటి యుత్తరము మనుష్యులే తినవలయునని. అది చద్దిగా మారుట మేలు. అన్నము చల్లారిన వెంటనే నీరుపోసి, లేదా గోరువెచ్చని పాలుపోసి తోడుపెట్టి, మట్టికుండలో నుంచిన తెల్లవారునప్పటికి పులియును. ఆ పులుపే దానిని చెడనీయక కాపాడును. గేదె పొట్టలో ప్రాణము దీయు ఆమ్లమే కుండలో నన్నమును రక్షించుట చిత్రము. తరవాణి కుండ నేటికిని నడుపుచున్న ఇండ్లు తీరప్రాంతములో నున్నవి. వారికి మేము చెప్పవలసినది లేదు. కాని మధ్యాహ్నము వండిన యన్నమును గంగాళములో గుట్టగా మూతపెట్టి రాత్రివరకు వెచ్చగా నుంచి, పిదప నీరుపోయుట ప్రమాదము. వండినను చావని కొన్ని సూక్ష్మజీవుల బీజములు వెచ్చని యన్నములో మొలచి విషమును బుట్టించును. ఆ విషము మరల కాచినను పోదు. వండిన రెండు గంటలలోపల పళ్లెములలో పరచి చల్లార్చి, కుండలోనో ఫ్రిజ్‌లోనో చేర్చవలయును. ఈ యొక్క జాగ్రత్తచే ఎన్నో వాంతులు తప్పును.

అట్లు జాగ్రత్తపరచిన యన్నమును మరునాడు మెత్తగా మెదిపి, ఉప్పు, జీలకర్ర, పచ్చిమిరప నూరి కలిపి, గుడ్డపై వడియములు పెట్టిన జనవరి యెండకే ఎండును. వానకాలమునకు అవి కూరకు సరి. గారెలు మిగిలినచో పెరుగులో నాననిచ్చి ఆవడలు చేసికొనుట అందరెరిగినదే. తినగా తినగా గారెలు చేదని సామెత చెప్పిన వానికి ఆవడ రుచి తెలియదేమో! పులిహోర చింతపండు పులుపుచే మరునాటి ఉదయమువరకు నిలుచును. బూరెల పూర్ణము నిలువదు. అరిసె బెల్లపు పాకముచే, తడి తక్కువయగుటచే వారములు నిలుచును. కాబట్టి నిలువయుండునవి విరివిగా, నిలువలేనివి కొలిచి చేసికొనిన సగము చిక్కు తీరును.

మరియొక మాట చెప్పక తప్పదు. మూడవనాటి పాచిని పనివారికి పోసి దానమనుకొను వాడుక కొన్ని లోగిళ్లలో నింకను గలదు. మేము దానిని దానమన నొప్పము. పనివారికి బెట్టదలచినచో పండుగనాడే, మనము తినుచున్నప్పుడే, వేడిగా నున్నదానినే పెట్టవలయును. మనము తినజాలనిది వారును తినజాలరు.

నిజముగా చెడినదానిని పెంటలో పేడ, గడ్డి నడుమ పొరగా వేసి కప్పవలయును. గోబరు గ్యాసు తొట్టి గలవారు కొంచెము కొంచెముగా అందు వేయవచ్చును. అది పేడకంటె నెక్కువ వాయువు నిచ్చును. ఒక్కమారుగా కుమ్మరించినచో తొట్టియు గేదె పొట్టవలెనే పులిసి పని మానును.

ఎట్లు పారవేసినను ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి వీధిలో వేయరాదు. వెనుక అరటియాకును, మోదుగ విస్తరిని మేకలు తినిన నష్టములేకుండెను. నేటి పళ్లెములకు లోపల ప్లాస్టిక్ పూత యుండును. అన్నపు వాసనకు పశువు సంచితో గూడ మ్రింగును. అది పొట్టలో అరుగదు, బయటికి రాదు. ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు 2022 జూలై 1 నుండి నిషేధింపబడియున్నను మన సంతలో దొరకుచునే యున్నవి. సంఘమువారు సమష్టిగా విస్తళ్లు తెప్పించి పెండ్లిండ్ల కాలమునకు ముందే సభ్యులకు అమ్మిన బాగుండునని మా యభిప్రాయము. రాబోవు సభలో దీనిని చర్చకు దెచ్చెదము.

తమ యింటి వాడుకలో మిగులన్నముతో చేయు వంటకములు మరేవైన నున్న సభ్యులు, ముఖ్యముగా వారి ఇల్లాండ్రు, వ్రాసి పంపిన వచ్చు సంచికలో ప్రకటింతుము.