దుకాణం పేరు కూడా అమానతే



మా మామూజాన్ కుట్టు దుకాణానికి కొత్త బోర్డు వచ్చిన రోజు మీరు చూడాల్సింది. పదడుగుల ఫ్లెక్సు విప్పగానే అందరి ముఖాలూ వాడిపోయాయి. కత్తెర బొమ్మ అంచులు ఇటుకలు పేర్చినట్టున్నాయి. దుకాణం పేరులోని 'నూర్'కి ఉర్దూ అక్షరాలు విడిపోయి, ఎడమ నుంచి కుడికి పడ్డాయి. ఉర్దూ వచ్చినవాళ్లు చదివితే 'రూన్'! తెలుగులో 'వస్త్రాలు' ఒత్తులు ఊడిపోయి పక్కన నిలబడ్డాయి. మామూజాన్ కోప్పడలేదు. "ఫోన్‌లో మంచిగనే ఉండె కదా బేటా" అన్నారంతే. లోగో చేసిన మా ఖాలా కొడుకు, ఇంటర్ చదివే పిల్లోడు, రెండు రోజులు ఆ గల్లీలోకే రాలేదు.

ఖసూర్ వాడిది కాదంటాను నేను. మన ఇళ్లలో ఓ రివాజుంది. కంప్యూటర్ తెలిసిన పిల్లోడు కనిపిస్తే చాలు, "జర లోగో చేసిపెట్టు, పది నిమిషాల పనే కదా" అంటాం. మజూరీ మాటే ఎత్తం. మెషీన్లకూ, అద్దాలకూ, లైట్లకూ ఖర్చు పెడతాం. ఇరవయ్యేళ్లు నిలవాల్సిన పేరుకు మాత్రం ముఫ్త్ పని కావాలి!

వాడు లోగోను ఫొటోషాప్‌లో చేశాడు. ఆ సాఫ్ట్‌వేర్ అసలు పని ఫొటోలు దిద్దడం. బొమ్మను పిక్సెళ్లనే చిన్న చిన్న చుక్కలుగా దాచుకుంటుంది. వెయ్యి పిక్సెళ్ల వెడల్పున్న బొమ్మ ఫోన్‌లో నిగనిగలాడుతుంది. దాన్నే పదడుగులకు, అంటే 120 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి ఎనిమిది చుక్కలే మిగులుతాయి. విజిటింగ్ కార్డుకే 300 అడుగుతారు. అందుకే లోగోను వెక్టర్‌గా గీయాలి. అందులో గీతలు లెక్కల రూపంలో ఉంటాయి కాబట్టి గుండీ మీదైనా గోడ మీదైనా అంచు చెదరదు. ఇల్లస్ట్రేటర్, కోరల్‌డ్రా అందుకే ఉన్నాయి. కొనే తాకత్ లేకపోతే ఇంక్‌స్కేప్ ముఫ్త్‌గా దొరుకుతుంది.

అక్షరాల సంగతి ఇంకా నాజూకైనది. పాత ఫొటోషాప్ వెర్షన్లలో టైప్ సెట్టింగులు మన భాషలకు తగ్గట్టు మార్చకపోతే ఉర్దూ తిరగబడుతుంది, తెలుగు ఒత్తులు విడిపోతాయి. మిషన్‌కి ఆ తేడా తెలియదు, చదవడం వచ్చిన మనిషికే తెలుస్తుంది. చెన్నైలో 1927లో మొదలైన 'ది ముసల్మాన్' ఉర్దూ పత్రికను దశాబ్దాల పాటు కాతిబులు చేత్తోనే రాశారు. హర్ఫ్‌కు అంత ఇజ్జత్ ఇచ్చినవాళ్లం, మన సొంత పేరును ప్రింటుకు పంపేముందు ఒక్కసారి చదివి చూసుకోలేమా?

ఇక ఆ కత్తెర బొమ్మ. అది గూగుల్‌లో దొరికింది. దొరికినంత మాత్రాన మనదవుతుందా? గీసినవాడికి దాని మీద హక్ ఉంది. పైగా ఇంకో ఊళ్లో ఇంకో దర్జీ అదే బొమ్మ పెట్టుకోవచ్చు. లోగోను ట్రేడ్‌మార్కుగా రిజిస్టర్ చేయిస్తే పదేళ్లు చెల్లుతుంది, తర్వాత పొడిగించుకోవచ్చు. పరాయి బొమ్మను మనదని ఏ ముఖంతో రాయిస్తాం?

చివరికి ఏమైందంటే, మామూజానే వాణ్ణి ఇంటికెళ్లి పిలుచుకొచ్చారు. కటింగ్ బల్ల మీద దర్జీ సుద్దతో ఒక సూది, దానిలోంచి సాగిన దారం గీశారు. దారమే తిరిగి 'నూర్' అయింది. పిల్లోడు ఫొటో తీసుకుని, దాని మీద పెన్ టూల్‌తో గీతలు గీశాడు. ముందు నలుపు తెలుపుల్లో చూశారు, తర్వాతే రంగు. ఉర్దూ ఒకరితో, తెలుగు ఒకరితో చదివించారు. వారం పట్టింది. అసలు ఫైలు మామూజాన్ పెన్‌డ్రైవ్‌లో ఉంది. మజూరీ పిల్లోడి జేబులో ఉంది.

మీ ఇంట్లో కూడా కంప్యూటర్ తెలిసిన పిల్లోడు ఉండే ఉంటాడు. పని చెప్పండి, బేషక్ చెప్పండి. కానీ ముందు మీరు కాగితం మీద నాలుగు గీతలు గీయండి, వాడికి వారం వఖ్త్ ఇవ్వండి, మజూరీ ఖరారు చేయండి. పేరు మనది. దాన్ని సరిగ్గా రాయించుకునే జిమ్మేదారీ కూడా మనదే.