బరువు తూచని బరి

61 కిలోల తరగతి మనిషినీ, 90 కిలోల తరగతి మనిషినీ ఒకే బరిలోకి దింపుతామన్నారు. దానికి ఆట అని పేరు పెట్టి టిక్కెట్లు అమ్మారు. ఇదేం న్యాయమని అడిగినవాళ్లు తక్కువ. అందుకే మేము అడుగుతున్నాం.

జేక్ పాల్ డిస్నీ ఛానెల్‌లో 'బిజార్డ్‌వార్క్' అనే పిల్లల సీరియల్ నటుడు. యూట్యూబ్‌లో పేరు సంపాదించి, 2020లో ప్రొఫెషనల్ బాక్సర్‌గా మారాడు. అతనికీ అప్పటి డబ్ల్యూబీఏ లైట్‌వెయిట్ ఛాంపియన్ జెర్వొంటా డేవిస్‌కూ 2025 నవంబరు 14న మయామీలో ఎగ్జిబిషన్ పోటీ అనీ, నెట్‌ఫ్లిక్స్‌లో చూపిస్తామనీ ప్రకటించారు. డేవిస్ తరగతి 135 పౌండ్లు. పాల్ అప్పుడు ఆడుతున్నది 200 పౌండ్ల క్రూయిజర్‌వెయిట్. ఈ రెంటి నడుమ ఆరు తరగతులున్నాయి.

బాక్సింగ్‌లో బరువు తరగతులు ప్రాణాల కోసం పెట్టుకున్న కంచె. ఆ కంచె ఉన్నా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. 2025 ఆగస్టులో టోక్యోలోని కొరాకుయెన్ హాల్‌లో ఒకే రోజు వేర్వేరు పోటీల్లో ఆడిన ఇద్దరు బాక్సర్లు తల గాయాలతో రోజుల తేడాలో చనిపోయారు. ఇద్దరికీ 28 ఏళ్లే. సమాన బరువుతో, నియమాల ప్రకారం ఆడినవాళ్లకే ఈ గతి పడితే, కంచె పీకేసి ఆడించడాన్ని ఏమనాలి? 'ఎగ్జిబిషన్' అన్న మాట రికార్డు పుస్తకానికి పనికొస్తుందేమో గానీ, దవడకు తగిలే దెబ్బకు ఆ మాట తెలియదు.

ఇద్దరూ పెద్దవాళ్లే కదా, ఇష్టపడి ఒప్పుకున్నారు కదా అంటారు కొందరు. ఒప్పుకోలే చాలునంటే ఏ పోటీకీ తూకం అక్కర్లేదు. ఇవాళ కోట్లు తీసుకునే ఇద్దరికి సడలించిన నియమాన్ని, రేపు ఏదో చిన్న ఊళ్లో నాలుగు వేల కోసం బరిలోకి దిగే పేద కుర్రాడికి ఎవరు కాపాడతారు?

ఆ పోటీ చివరికి రద్దయింది. డేవిస్‌పై అతని మాజీ స్నేహితురాలు హింస ఆరోపణలతో ఫ్లోరిడాలో దావా వేశారు. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. పోటీని ఆపడం మంచిదే. కానీ బరువు తేడా చూసి నిర్వాహకులు ఆపలేదని గుర్తుంచుకోండి. వారాలు తిరక్కముందే పాల్‌కు ఎదురుగా మాజీ హెవీవెయిట్ ఛాంపియన్ ఆంథనీ జాషువాను తెచ్చారు. డిసెంబరు 19న ఆరో రౌండులో పాల్ కుప్పకూలాడు. దవడ రెండు చోట్ల విరిగింది. అంతకుముందు చిన్నవాడికి పొంచి ఉన్న ప్రమాదం ఈసారి పాల్ వైపు తిరిగింది, అంతే. ఆ క్లిప్పులు మా ఫోన్లకూ వచ్చాయి. మాలోనూ కొందరు నవ్వి, నలుగురికి పంపారు. అది మా తప్పు.

ఇందులో మన దేశపు ముచ్చట కూడా ఒకటుంది. 2024 నవంబరు 15న టెక్సాస్‌లో 58 ఏళ్ల మైక్ టైసన్‌తో పాల్ తలపడిన రాత్రి, అదే వేదికపై హర్యానా బాక్సర్ నీరజ్ గోయత్ కూడా ఆడి గెలిచాడు. ఆయన ప్రత్యర్థి ఎవరు? బ్రెజిల్ హాస్యనటుడు విండర్సన్ నూనెస్! ఏళ్ల తరబడి చెమటోడ్చిన మనిషికి అంత పెద్ద వేదిక దొరకాలంటే పక్కన ఒక హాస్యనటుడు కావలసి వచ్చింది. కష్టం కన్నా ముఖపరిచయానికే ధర ఎక్కువ పలుకుతోంది.

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆమె పోటీ ఒక్కటైనా మొదటి నుంచి చివరి దాకా చూసినవాళ్లం మనలో ఎంతమందిమి? ఉత్తర చెన్నై వాడల్లో బాక్సింగ్ తరాలుగా కష్టజీవుల ఆట. అక్కడి పిల్లల చేతికి మంచి గ్లౌజులు ఉన్నాయో లేవో ఎప్పుడైనా అడిగామా?

యువతీ యువకులారా, మనిషి దేహం విలువైనదని నమ్మే మనం దాన్ని పందెపు సరుకుగా చూసే తమాషాకు ప్రేక్షకులం కావద్దు. అలాంటి పోటీ మళ్లీ ప్రకటిస్తే చూడకండి, పంచకండి. ఆ డబ్బూ ఆ సాయంత్రమూ మీ ఊళ్లో బాక్సింగ్ నేర్చుకుంటున్న పిల్లలకు ఇవ్వండి. వాళ్లను బరిలోకి పంపే ముందు తూకం వేశారా, డాక్టరు ఉన్నాడా అని నిలబడి అడగండి.