గుడ్డ కోయక మునుపే ఆలోచింపవలెను

బళ్లారిలో జీన్సు ప్యాంట్లు కుట్టు షెడ్డులోనికి పోయి చూచినవారికి కత్తిరింపు బల్ల క్రింద నీలపు ముక్కల గుట్ట కనిపించును. ఆ ప్యాంట్లను ఉతికి వెలియజేయు చోట నీలినీరు కనిపించును. ఈ రెంటిని గూర్చి మన సంఘములో మాట వచ్చినప్పుడెల్ల, "వారిది మిల్లు గుడ్డ, మనది మగ్గము గుడ్డ. వారి గొడవ మనకెందుకు?" అని కొందరు సభ్యులు అనుచున్నారు. ఆ మాట సరికాదని మా అభిప్రాయము. కారణములు చెప్పెదము.

1953 అక్టోబరు 1వ తేదీన ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్ర రాష్ట్రములో చేరినవి. బళ్లారి మైసూరుకు పోయినది. పటము మీద గీత పడినది గాని నూలుపోగు తెగలేదు. మాచాని సోమప్పగారు 1938లో ఎమ్మిగనూరు నేతపనివారి సహకార సంఘమును స్థాపించిననాడు ఆ ఊరు బళ్లారి జిల్లాలోనిదే. నేటికిని ఆదోనిలో ప్రత్తి బజారు, ఎమ్మిగనూరులో మగ్గములు, రాయదుర్గములోను బళ్లారిలోను కుట్టుమిషన్లు. నేత గిట్టుబాటు కాక మగ్గము దిగిన మన పిల్లలు కొందరు ఆ మిషన్ల మీదనే కూర్చున్నారు. నీటి మాట చెప్పవలెనన్న, తుంగభద్ర ఎగువ కాలువయు దిగువ కాలువయు బళ్లారి సీమ దాటియే అనంతపురము, కర్నూలు సీమలకు వచ్చుచున్నవి. కాలుష్య నియంత్రణ మండలులు రెండు రాష్ట్రములకు రెండున్నవి. నది మాత్రము ఒక్కటే. కనుక ఇది మన గొడవయే.

జీన్సు గుడ్డలో నేతగానికి తెలియని రహస్యమేమియు లేదు. పడుగు నీలము, పేక తెలుపు. ప్రతి పడుగు పోగు మూడు పేకల మీదుగాను, ఒక పేక క్రిందుగాను పోవును. అందుచేతనే ఏటవాలు గీత పడి, ముందువైపు నీలముగను వెనుకవైపు తెల్లగను ఉండును. నీలిమందు మనకు క్రొత్తది కాదు. 1897లో జర్మనీ కంపెనీ కృత్రిమ నీలిమందును బజారుకు తెచ్చువరకు కడప సీమ నీలి పరదేశములకు ఎగుమతి అయ్యెడిది. నీలి తానుగా నీటిలో కరుగదు. తొట్టిలో దాని రంగు విరిచి కరిగించి, నూలు ముంచి, గాలికి పట్టినచో మరల నీలమగును. అది పోగు పైపొరను మాత్రమే పట్టుకొనును. నడుమ నూలు తెల్లగానే యుండును. కాబట్టి తొడిగిన కొలది, ఉతికిన కొలది ఆ గుడ్డ వెలియును. అది దాని స్వభావము.

ఆ స్వభావము పనిచేయువరకు కూడ వేచియుండక, అంగడికి పోకముందే గుడ్డను ముసలిదానిగా చేయు పద్ధతి బయలుదేరినది. రాళ్లతో కలిపి యంత్రములో త్రిప్పుదురు. తెల్లబరచు మందులు వేయుదురు. మోకాళ్ల వద్ద పర్మాంగనేటు చిమ్ముదురు. కొన్ని దేశములలో ఇసుకను గాలితో కొట్టి గుడ్డను అరగదీసిరి; ఆ ఇసుక ధూళి ఊపిరితిత్తులలో చేరి కూలివాండ్రు మరణించిన పిమ్మట టర్కీ ప్రభుత్వము 2009లో ఆ పనిని నిషేధించినది. ఈ వస్త్రము పుట్టుక తలచుకొన్న మరింత చిత్రముగా నుండును. 1873లో అమెరికాలో జేకబ్ డేవిస్ అను దర్జీయు, లీవై స్ట్రాస్ అను వర్తకుడును ప్యాంటు జేబుల మూలలకు రాగి రివెట్లు వేయుటకు పేటెంటు పొందిరి. కష్టము చేయువారి జేబులు చినిగిపోకుండుటకై ఆ ఏర్పాటు. నాలుగు కాలములు మన్నవలెనని పుట్టిన గుడ్డను నేడు అమ్మకముందే సగము అరగదీయుచున్నాము.

అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల అని మన పెద్దలనిరి. వ్యర్థమైన గుడ్డను, చెడిన నీటిని గూర్చి జరుగు చర్చ అంతయు కాలు కడుగుటను గూర్చియే జరుగుచున్నది. శుద్ధి యంత్రము ఎక్కడ పెట్టవలెను, ఖర్చు ఎవరు భరింపవలెను, నోటీసు ఎవరికి ఈయవలెను అను ప్రశ్నలే వినబడుచున్నవి. అవి అవసరమే. కాని ఎంత గుడ్డ పోవునో, ఎంత నీరు చెడునో నమూనా గీయునాడే చాలవరకు తేలిపోవును. మేము ముఖ్యముగా చెప్పదలచినది ఇదియే.

చీర నేయువానిని చూడుడు. నిడివి ఎంత, వెడల్పు ఎంత, అంచు ఎక్కడ, కొంగు ఎక్కడ అను లెక్క పడుగు పోయకముందే తేలియుండును. మగ్గము దిగిన చీరకు కత్తెరతో పని లేదు. పాత పడుగు కొసలకు క్రొత్త పడుగు అతికి జానెడు నూలు కూడ దక్కించుకొనుట మన ఇండ్లలో చిన్ననాడే నేర్పు విద్య. కుట్టుబట్టల సంగతి వేరు. పరచిన గుడ్డలో నూటికి 15 పాళ్ల వరకు ముక్కలుగా పోవునని లోకములో సాధారణముగా వేయు అంచనా. నూరు మీటర్లు పరచిన 15 మీటర్లు బల్ల క్రిందకు పోయినట్లు. దినమునకు అయిదు మీటర్లు నేయువానికి అది మూడు దినముల కష్టము. ఆ ప్రత్తిని పండించిన రైతు కష్టము, అది త్రాగిన నీరు ఇందులో చేరలేదు.

నీటి లెక్కయు చూతము. లీవై స్ట్రాస్ కంపెనీ 2015లో ప్రకటించిన లెక్క ప్రకారము ఒక జీన్సు ప్యాంటు పుట్టినది మొదలు పారవేయువరకు సుమారు 3,800 లీటర్ల నీరు ఖర్చగును. అందులో నూటికి 68 పాళ్లు ప్రత్తి చేనులోనే. అనగా బల్ల క్రింద పడిన ముక్క వెంట చేని నీరు కూడ పోయినదన్నమాట. కార్ఖానాలో వాడు నీరు లెక్కకు తక్కువగా కనబడినను, చెడిపోవుట వలన దాని నష్టము ఎక్కువ. ఈ మాట అశ్రద్ధ చేసిన ఏమగునో తిరుప్పూరు చూపినది. నొయ్యల్ నది రంగునీటి పాలైన పిమ్మట 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి 700కు పైగా అద్దకపు కార్ఖానాలను మూయించినది. పని పోయినవారు కూలివాండ్రే. బళ్లారిలోని ఉతుకు యూనిట్లకును ఇటీవల మూత భయము తప్పలేదు. 2023 ఎన్నికల సభలో బళ్లారిని జీన్సు రాజధానిగా చేసెదమని, అయిదువేల కోట్ల రూపాయలతో పార్కు కట్టెదమని ఒక పెద్ద పార్టీ నాయకులు వాగ్దానము చేసిరి. పార్కు రానిండు, సంతోషమే. కాని వెనుకటి నమూనాలనే అందులో కుట్టినచో, ఆ గుట్టయు ఆ నీరును పార్కులోనికి మారుట తప్ప వేరు లాభముండదు.

ఇతరులకు చెప్పునప్పుడు మన తప్పును దాచుకొనరాదు. మన అద్దకపు ఇండ్లలో మిగిలిన రంగునీరు వీధి కాలువలోనికే పోవుచున్న ఊళ్లు గలవు. తూకము లేక చేతి అంచనాతో రంగు వేయుట, ఒక్కొక్క చిలపకు ఒక్కొక్క తొట్టి కలుపుట మనలోను కలదు. లేత రంగు నుండి ముదురు రంగునకు వరుస పెట్టి అద్దినచో ఒకే తొట్టి పలుమారులు పనికి వచ్చును. ఇది మన ముసలివారికి తెలిసినదే. తొందరలో మనము విడిచినదే.

కావున మా సూచనలు ఇవి. మొదటిది, కుట్టువారును నేతవారును గుడ్డ వెడల్పును గూర్చి ముందుగానే మాట్లాడుకొనవలెను. నమూనా ముక్కలు అంచు నుండి అంచు వరకు అమరునట్లు వెడల్పు ఉన్నచో బల్ల క్రింది గుట్ట తగ్గును. రెండవది, ముక్కలను కోసిన చోటనే వేరుచేయవలెను. శుద్ధ నూలు ముక్కలు ఒక సంచిలో, సాగెడు రబ్బరు నూలు కలిసినవి వేరొక సంచిలో. కలిసిపోయిన పిమ్మట విడదీయుట ఎవరి తరమును కాదు. శుద్ధ నూలు ముక్కలను పేలికలుగా చీల్చి పేకగా వేసినచో గట్టి జంపఖానాలు నేయవచ్చును. అది ఖాళీగా పడియున్న మగ్గములకు పని. మూడవది, తక్కువగా వెలియజేసిన నమూనాను తక్కువ నీటి సరుకుగా పేరుపెట్టి అమ్ముటకు వర్తకులు పూనుకొనవలెను.

"కొనువాడు వెలిసినదే అడుగుచున్నాడు, మేమేమి చేయుదుము?" అని కుట్టువారు అందురు. ఆ మాటలో కొంత నిజమున్నది. కాని కొనువాని అభిరుచి ఆకాశము నుండి ఊడిపడినది కాదు. అంగడిలో పెట్టినదానిని చూచియే అతడు అడుగుచున్నాడు. 2021లో అమెరికా దేశపు పాటగోనియా కంపెనీ గుజరాతులో చేతితో నేసిన ఖాదీ డెనిమును కొనినది. మగ్గము మీద నేసిన నీలపు గుడ్డకు సముద్రములావల గిరాకి ఉన్నప్పుడు, బళ్లారి కుట్టుబల్లకును ఎమ్మిగనూరు మగ్గమునకును నడుమ ఒక్క ఉత్తరమైనను నడువకపోవుట మనకు గౌరవము కాదు.

జంపఖానాలు నేసి మన ఇండ్ల అప్పులన్నియు తీరునని మేము చెప్పుటలేదు. ముక్కల ధర, నేత కూలి, అమ్ముడుపోవు చోటు లెక్క చూడక సభ్యులను దింపుట మాకు ఇష్టము లేదు. కనుక రాబోవు సర్వసభ్య సమావేశమునకు కుట్టువారి ప్రతినిధులను పిలువవలెననియు, నాలుగు మగ్గముల మీద మూడు మాసములు ప్రయత్నించి, జమాఖర్చులను ఈ పత్రికలోనే ప్రకటింపవలెననియు కోరుచున్నాము. లాభము వచ్చిన చెప్పుదము. నష్టము వచ్చినను చెప్పుదము. మగ్గమో మిషనో ఖాళీగా ఉన్న సభ్యులు తమ అభిప్రాయములను ఆలసింపక వ్రాసి పంపగోరెదము.