25 డాలర్ల ప్రశంసాపత్రం

తాడును చూసి పాము అనుకోవడం భ్రాంతికి మన తాత్త్వికులు చెప్పే పాత దృష్టాంతం. నల్లజాతి అమెరికన్లు ఆసుపత్రిని అనుమానించినప్పుడల్లా వైద్యలోకం ఈ దృష్టాంతాన్నే ఒక్క మాటలో ఆశ్రయిస్తుంది: 'అపోహ'. చరిత్రకారుడు జేమ్స్ హెచ్. జోన్స్ 1981లో వెలువరించిన 'బ్యాడ్ బ్లడ్' చదివినవారు ఆ మాటను ఇక తేలిగ్గా వాడలేరు.

అలబామా రాష్ట్రంలోని మేకన్ కౌంటీలో అమెరికా ప్రజారోగ్య సంస్థ 1932లో ఒక అధ్యయనం ప్రారంభించింది. సిఫిలిస్ ఉన్నవారు 399 మంది, లేనివారు 201 మంది. అందరూ నల్లజాతి పురుషులు, ఎక్కువమంది పేద కౌలురైతులు. 'చెడ్డ రక్తానికి' వైద్యం చేస్తున్నామని వారికి చెప్పారు. చికిత్స లేకుండా వదిలేస్తే జబ్బు ఏ దశకు చేరుతుందో చూడటమే అసలు ఉద్దేశం. 1940ల చివరికి పెన్సిలిన్ ప్రామాణిక చికిత్స అయినా వారికి అందనివ్వలేదు. 1972లో పత్రికలు బయటపెట్టేదాకా 40 ఏళ్లు ఇదే సాగింది.

పుస్తకంలో అన్నిటికన్నా కలవరపెట్టేది ఆ అధ్యయనం చూపిన ఆదరణ. నర్సు యూనిస్ రివర్స్ వారిని కారులో పరీక్షలకు తీసుకువెళ్లేవారు. వేడి భోజనం పెట్టేవారు. వెన్నునీరు తీసే పరీక్షకు ప్రత్యేక ఉచిత చికిత్స అంటూ ఉత్తరాలు రాసి పిలిచారు. మరణిస్తే అంత్యక్రియలకు సొమ్ము ఇచ్చేవారు, శవపరీక్షకు కుటుంబం ఒప్పుకుంటేనే. 1958లో ప్రశంసాపత్రాలు పంచి, వాటితో 25 డాలర్లు ఇచ్చారు: ఏడాదికి ఒక్క డాలరు లెక్కన.

నిజం తెలిశాక ఆ పత్రంలో ఒక్క అక్షరమూ మారలేదు. అయినా అది ప్రశంసగా మిగలలేదు. ప్రాణానికి కట్టిన ధరకు రసీదు అయింది. అబద్ధం వాడుకున్నది దయనే కాబట్టి, అనుమానం కూడా దయ మీదే వాలింది. ఎయిడ్స్ కాలానికి ఆ అనుమానం ఎలా పాకిందో 1993 నాటి విస్తృత ముద్రణలో జోన్స్ వివరించారు.

1997లో అధ్యక్షుడు క్లింటన్ క్షమాపణ చెప్పారు కదా, ఇంకెన్నాళ్లని అడిగేవారున్నారు. క్షమాపణ అవసరమే. కానీ అదీ ఒక సంకేతమే. సంకేతాల వల్ల మోసపోయినవారికి మరో సంకేతం చాలదు. ఉచిత శిబిరాలు, బహుమతి కార్డులు, చిరునవ్వుల పోస్టర్లు మేకన్ కౌంటీ వేడి భోజనాన్నే గుర్తుచేస్తాయి. వాటికన్నా, ఆ ఉదంతం తర్వాత వచ్చిన 1974 చట్టం, 1979 బెల్మాంట్ నివేదిక విలువైనవి. అవి రోగికి కానుకలు ఇవ్వలేదు. అన్నీ తెలుసుకుని కాదనే హక్కును గుర్తించాయి.

దీపం తెస్తే భ్రాంతి పోతుందన్నది ఆ పాత దృష్టాంతంలోని రెండో సగం. మేకన్ కౌంటీలో తాడని చేతికిచ్చింది పామునే. కనుక ఇప్పుడు దీపం పట్టవలసిన బాధ్యత తాడు ఇచ్చేవారిది, పుచ్చుకునేవారిది కాదు.