అధమర్ణుని సాక్ష్యము

అప్పిచ్చినవాడు ఉత్తమర్ణుడు, పుచ్చుకొన్నవాడు అధమర్ణుడు. సంస్కృతభాష ఏ యర్థమున ఈ పేర్లు పెట్టినను, లోకము మాత్రము మొదటివానికి మర్యాదను, రెండవవానికి తలవంపును పంచిపెట్టినది. ఆ తలవంపునే సాధనముగా జేసికొని బాకీలు రాబట్టువారు నేడు టెలిఫోనులో బ్రవేశించిరి. వాయిదా తప్పినచో దుర్భాషలు. పిమ్మట బంధువులకును, ఇరుగుపొరుగువారికిని పిలుపులు. ఈ మాటలను ఋణగ్రస్తులు తమ ఫోనులోనే రికార్డుచేసి న్యాయస్థానమునకు గొనిపోవచ్చునా? పోవచ్చుననియే మా నిశ్చితాభిప్రాయము.

భద్రాచల మన్యమున ఈ సమస్య క్రొత్తది గాదు. మద్రాసు ప్రభుత్వము 1917వ సంవత్సరపు ఏజన్సీ చట్టమున, కొండజాతులవారి ఋణములపై వడ్డీ సాలునకు నూటికి 24 రూపాయలు మించరాదనియు, చక్రవడ్డీ చెల్లదనియు శాసించెను. 1959లో భద్రాచలము తూర్పుగోదావరినుండి ఖమ్మము జిల్లాలో జేరునాటికి ఆ శాసనమునకు నలువదేండ్లు దాటినవి. అయినను కోయ రైతునకు అప్పుల బాధ తీరలేదు. షావుకారి చేత పత్రము గలదు. రైతు చేత నేమియు లేదు. వేలిముద్ర వేసినవాని మాటకు వాని వేలిముద్రయే ప్రత్యర్థి యైనది.

2010 అక్టోబరులో నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము సూక్ష్మఋణ సంస్థల నదుపుచేయ ఆర్డినెన్సు తెచ్చెను, మరుసటియేడది చట్టమైనది. రిజర్వు బ్యాంకునొద్ద నమోదైన సంస్థలకు ఆ చట్టము వర్తింపదని తెలంగాణ హైకోర్టు 2023 ఫిబ్రవరిలో తీర్పు చెప్పినది. కావున నట్టి సంస్థలకు రిజర్వు బ్యాంకు నిబంధనలే ముఖ్యమైన కట్టుబాటు. 2022 నాటి నిబంధనలను బట్టి సూక్ష్మఋణముల వసూలుకై ఉదయము 9 గంటలకు ముందును, సాయంకాలము 6 గంటల పిమ్మటను ఫోను చేయరాదు, దూషింపరాదు, బెదిరింపరాదు, బంధుమిత్రులను వేధింపరాదు. నిబంధన మంచిదే. కాని తిట్టినవాడు తాను తిట్టలేదన్నచో, పడినవారు చూపునదేమి?

చాటుగా రికార్డుచేయుట విశ్వాసఘాతుకమని కొందరందురు. ఇతరుల సంభాషణను దొంగచాటుగా వినుట వేరు; తన్నుద్దేశించి పలికిన మాటలను తాను భద్రపఱచుకొనుట వేరు. సంభాషించువారిలో నొకరి సమ్మతితో పోలీసులు పట్టిన టేపును 1972లో మల్కానీ కేసున సుప్రీంకోర్టు సాక్ష్యముగా గ్రహించెను. అంతేకాదు. వసూలు ఏజెంట్ల ఫోను సంభాషణలను రికార్డు చేయింపవలెనని రిజర్వు బ్యాంకు 2008 ఏప్రిలులో బ్యాంకులనే ఆదేశించినది. ఉత్తమర్ణునకు గర్తవ్యమైనది అధమర్ణునకు ద్రోహమెట్లగును?

అయితే రికార్డుచేసినంతమాత్రమున కార్యము తీరదు. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము, నకలుతో ధ్రువపత్రము జతచేయవలయును. ఫైలు మారలేదని చూపు హ్యాష్ సంఖ్యయు, నిపుణుని సంతకమును అందుండవలయును. అసలు ఫోనును, ఫైలును చెఱపక, కత్తిరింపక కాపాడుకొనవలయును. తేదీయు, వేళయు, పిలిచిన నంబరును వ్రాసికొనవలయును. చర్లలోనో, దుమ్ముగూడెములోనో కూలిచేసి బ్రతుకు స్త్రీకి నిపుణు నెవరు తెచ్చియిత్తురు?

సరిహద్దు చిక్కొకటి యున్నది. 2014లో భద్రాచలము పట్టణము తెలంగాణముననే నిలువగా, చుట్టునున్న గ్రామములనేకము ఆంధ్రప్రదేశమున గలిసినవి. ఫోనునకు ఎల్లలు లేవు, ఠాణాలకు గలవు. కాని వారంటు లేకయే పట్టదగిన నేరమైనచో, అది యెచ్చట జరిగినను ఫిర్యాదును పుచ్చుకొనవలసినదేయని భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను చెప్పుచున్నది. 'మా పరిధి గాదు' అని యేటపాకకును భద్రాచలమునకును నడుమ బీదలను త్రిప్పుట చట్టవిరుద్ధము.

1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము స్త్రీలకును, షెడ్యూల్డు తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయమునకు హక్కిచ్చినది. ధ్రువపత్రమును సిద్ధపఱచి యిచ్చుటయు ఆ సహాయములో భాగము గావలయును. భద్రాచలము ఐటీడీఏ వారు ఇందుకొక మనుష్యుని, ఒక బల్లను, ఒక కంప్యూటరును కేటాయించిన జాలును. ఇది పెద్దకోరిక గాదు.

అప్పు లెగవేయుడని మేము చెప్పుటలేదు. పుచ్చుకొన్నది తీర్చుట ధర్మము. కాని ఋణము ధనముతో దీరవలయునేగాని మానముతో గాదు. నూఱేండ్లుగా పత్రము ఒక్కపక్షముననే యుండెను. నేడు రెండవపక్షమునకును ఒక సాక్ష్యము దొరకినది. దానిని న్యాయమూర్తి యెదుటికి జేర్చు బాధ్యత ప్రభుత్వముపై నున్నది.