కూలి అడగని కూలీలు

మన సాఫ్టువేరు జనాలకి ఓ ముద్దుపేరుంది, "సైబర్ కూలీ". అప్రైజల్ తేడా కొట్టినా, ఆదివారం రాత్రి సర్వర్ పడుకున్నా వెంటనే "ఏం చేస్తాం బాస్, కూలీ బతుకులు" అనేస్తాం. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

తెలుగులోనూ, తమిళంలోనూ కూలి అంటే చేసిన పనికిచ్చే డబ్బు. కూలికి వెళ్ళాడు, కూలి గిట్టలేదు, కూలి పెంచారు... వీటిల్లో ఎక్కడైనా తిట్టుందా? ఆ డబ్బు పుచ్చుకునేవాడు కూలివాడు. అంతే!

ఇంగ్లీషులోకి వెళ్ళిన 'కూలీ' ఎక్కడిదన్న దానిమీద పండితులకి పేచీ ఇంకా తెగలేదు. మన కూలే అని కొందరు, గుజరాతు తీరపు కోలీల పేరని కొందరు. టర్కీ భాషలో దాసుడనే అర్థమున్న 'కుల్' కూడా ఇందులో కలిసిందని ఇంకొందరు. (1591లో హైదరాబాదు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా పేరులో ఉన్నది ఈ దాసుడే. సుల్తానుగారికి లేని నామోషీ మనకెందుకో!) చైనావాళ్ళు దీన్ని 'చేదు', 'బలం' అనే రెండక్షరాలతో రాస్తారు. అదే మూలమని వాదించేవాళ్ళున్నారు గానీ, అది శబ్దానికి సరిపోయేలా అతికించిన రాత మాత్రమే.

మరి తిట్టు ఎలా అయింది? బ్రిటిషు సామ్రాజ్యంలో 1834లో బానిసత్వం రద్దు చట్టం అమల్లోకి రాగానే, మారిషస్ చెరుకుతోటలకి అగ్రిమెంటు రాయించుకుని మనవాళ్ళని ఓడలెక్కించారు. 1860లో మద్రాసు నుంచి అలాంటి మొదటి ఓడ దక్షిణాఫ్రికాలోని నేటాల్ చేరింది. అలా వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఇక అక్కడి తెల్లవాళ్ళకి ప్రతి భారతీయుడూ కూలీయే. 1893లో వెళ్ళిన గాంధీగారు సైతం "కూలీ బారిస్టరు"!

అంటే మనం ఏడుస్తూ వాడుకునేది తోటల దొరల మాటండీ, మన అమ్మమ్మల మాట కాదు. పైగా దాంతో ఎవర్ని తక్కువ చేస్తున్నాం? పొద్దున్నే అడ్డా మీద నిలబడే మనిషిని. ఆయన రేటు తేల్చుకోందే బండెక్కడు. పొద్దుపోతే ఇంకో వంద అడుగుతాడు. పక్కవాడికెంత ఇస్తున్నారో కనుక్కుంటాడు. మరి మనం? శనివారం లాగిన్ అవుతాం, ఓవర్‌టైమ్ ఊసెత్తం, పక్క సీటువాడి జీతం అడగడం నేరమనుకుంటాం.

మనల్ని కూలీలనడం అన్యాయమే, కూలీలకి! ముందు కూలి అడగడం నేర్చుకుందాం, ఆ పేరు తర్వాత పెట్టుకుందాం. ఏమంటారు?